కింద పబ్, పైన పడక: ఇంగ్లండ్ తీరంలో పాత ఇన్‌ల గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంగ్లండ్ సముద్రతీరం గురించే. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వేసవికి వెళ్ళే అమ్మానాన్నలు కొందరు, అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు కొందరు రాశారు. హోటల్లో కాకుండా పాత ఇన్‌లో రెండు రాత్రులు ఉండాలన్నది అందరి కోరిక. సందేహాలు మాత్రం తలా ఒకటి.

మా అబ్బాయి రెడింగ్‌లో ఉంటాడు. సముద్రం పక్కన ఏదో ఇన్‌కి తీసుకెళ్తానంటున్నాడు. అది హోటలా, బారా? పిల్లాపాపలతో ఉండదగ్గ చోటేనా? — ఒక పాఠకురాలు, విజయవాడ

రెండూను. కింది అంతస్తులో పబ్, వెనక వంటగది, పైన పడకగదులు. కొన్నిచోట్ల నాలుగైదు గదులే ఉంటాయి, కొన్నిచోట్ల ఇరవై దాకా. రైళ్ళు రాకముందు గుర్రపు బగ్గీల్లో ప్రయాణించేవాళ్ళు, రేవులో పడవ కోసం కాచుకున్నవాళ్ళు రాత్రికి తలదాచుకున్న ఇళ్ళివి. మన పూటకూళ్ళింట్లో అన్నం వడ్డించిన ఆవిడే పడక కూడా చూపించినట్టు, ఇక్కడ బార్ నడిపేవాళ్ళే గది తాళం ఇస్తారు. చాలా ఇన్‌లలో రిసెప్షన్ అంటూ వేరే ఉండదు. బార్ కౌంటర్ దగ్గరికి వెళ్ళి బుకింగ్ పేరు చెప్పాలి.

కాబట్టి అక్కడి వేళలు పబ్ వేళలే. గది సాధారణంగా మధ్యాహ్నం మూడు తర్వాత ఇస్తారు, మర్నాడు పది, పదకొండు మధ్య ఖాళీ చెయ్యమంటారు. చిన్న ఊళ్ళలో కొన్ని ఇన్‌లు మధ్యాహ్నం భోజనాల తర్వాత బార్ మూసేసి మళ్ళీ సాయంత్రం తెరుస్తాయి. నాలుగింటికి సామాన్లతో దిగితే తలుపు తట్టినా పలికేవాళ్ళుండరు. వచ్చే టైమ్ ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. రాత్రి ఆలస్యమయ్యేట్టుంటే తాళం పెట్టెకు కోడ్ అడిగి పెట్టుకోండి.

ఇక పిల్లల సంగతి. పబ్ అంటే ఊళ్ళో ముసలీముతకా, పిల్లాపాపా అందరూ వచ్చి కూర్చునే చోటు. తాగనివాళ్ళూ బోలెడుమంది ఉంటారు. చట్టం ప్రకారం ప్రధానంగా మద్యం అమ్మే చోటికి పదహారేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళు తోడు లేకుండా రాకూడదు, తోడుంటే రావచ్చు. అయితే ఆపైన ఎవరి నియమాలు వాళ్ళవి. కొన్ని చోట్ల రాత్రి ఎనిమిది తర్వాత బార్ గదిలోకి పిల్లల్ని రానివ్వరు, కొన్ని ఇన్‌లు పన్నెండేళ్ళలోపు పిల్లలకు అసలు గదే ఇవ్వవు. బుకింగ్ సైట్‌లో ఈ ముక్క ఎక్కడో అడుగున ఉంటుంది. డబ్బు కట్టకముందే చూసుకోవాలి.

మావాళ్ళు తాగరు. ఏమీ కొనకుండా పబ్‌లో కూర్చుంటే ఏమైనా అనుకుంటారా? — ఒక పాఠకుడు, వరంగల్

ఏమీ అనుకోరు. అయినా ఏదో ఒకటి తీసుకుని కూర్చోవడం మర్యాద. లైమ్ అండ్ సోడా అన్నిటికన్నా చవక. జింజర్ బీర్ పేరులో బీరు ఉన్నా సాధారణంగా మద్యం కాదు, అల్లం ఘాటు మనవాళ్ళకు నచ్చుతుంది. ఎల్డర్‌ఫ్లవర్ అనే పూల షర్బత్‌లో సోడా కలిపిచ్చేది ఇంకొకటి. తాగునీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది. 'ట్యాప్ వాటర్' అని అడగండి. ఉత్తినే 'వాటర్' అంటే సీసా తెచ్చి బిల్లులో వేసినా వేస్తారు.

టేబుల్ దగ్గర కూర్చుని ఎవరో వస్తారని ఎదురుచూడొద్దు. చాలా పబ్బుల్లో మనమే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, టేబుల్ నంబర్ చెప్పి, డబ్బు కట్టి రావాలి. తిండి మాత్రం తెచ్చిపెడతారు. కౌంటర్ దగ్గర క్యూ కనిపించదు గానీ ఎవరు ముందొచ్చారో అక్కడున్న అందరికీ తెలుసు. చెయ్యి ఊపి పిలవడం, నోటు చూపించడం వాళ్ళకు గిట్టదు.

మా అత్తగారు కోడిగుడ్డు కూడా ముట్టరు. తీరంలో ఎటు చూసినా చేపలే అంటున్నారు. మూడు రోజులు ఆవిడ ఏం తింటారు? — ఒక పాఠకురాలు, మిల్టన్ కీన్స్

ఈ ప్రశ్నే అన్నిటికన్నా ఎక్కువమంది అడిగారు, కాబట్టి కాస్త వివరంగా.

మొదటి చిక్కు మాటతోనే. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు, పాలు రెండూ తినేవాళ్ళని లెక్క. ఆ మాటకు చట్టంలో కచ్చితమైన నిర్వచనం కూడా లేదు. 'ఎగ్‌లెస్' అంటే వంటవాడు ఆమ్లెట్ వద్దన్నారనుకుని పాస్తాలోనో కేకులోనో ఉన్న గుడ్డును మర్చిపోతాడు. తేలిక మార్గం ఒకటుంది: 'వీగన్' వంటకాలు, అంటే మాంసం, గుడ్డు, పాలు ఏవీ లేనివి, ఏమున్నాయో అడగండి, ఆ తర్వాత 'పాలు, వెన్న, చీజ్ పర్వాలేదు' అని చెప్పండి. పైనుంచి కిందికి వస్తే తప్పు జరిగే అవకాశం తక్కువ.

రెండోది అలర్జీల పట్టిక. పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో చెప్పడం అక్కడ ప్రతి వంటగదికీ చట్టపరమైన బాధ్యత. చాలాచోట్ల ఆ పట్టిక కాగితంగానే ఉంటుంది, అడిగితే చూపిస్తారు. గుడ్డు, చేప, రొయ్యలూ పీతల జాతి, నత్తగుల్లల జాతి అన్నీ అందులో వేర్వేరు గడుల్లో ఉంటాయి. అయితే మాంసం అలర్జీ పదార్థం కాదు. గొడ్డు కొవ్వు, పంది కొవ్వు, కోడి ఎసరు, జెలటిన్ ఏవీ ఆ పట్టికలో కనిపించవు. పట్టిక చూసి 'అన్నీ ఖాళీగానే ఉన్నాయి, సరే' అనుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. వీటిని నోటితో అడిగి తీరాలి.

అడగాల్సినవి ఇవి. చిప్స్ ఏ నూనెలో వేయిస్తారు? యార్క్‌షైర్‌లోనూ ఈశాన్య తీరంలోనూ గొడ్డు కొవ్వులో వేయించడం పాత అలవాటు, దాన్ని డ్రిప్పింగ్ అంటారు. దక్షిణాన ఎక్కువగా నూనే, కానీ అదే మూకుడులో చేపలూ వేయించే చోట్లు చాలా. 'వెజిటేరియన్‌కు వేరే ఫ్రయర్ ఉందా' అన్న ప్రశ్న ప్రతి పబ్‌కూ పరిచయమే, ఎవరూ వింతగా చూడరు. సూప్ ఏ ఎసరుతో చేశారు? కూరగాయల సూప్‌లోనూ కోడి ఎసరు పడవచ్చు. వెల్ష్ రేర్‌బిట్ అనే చీజ్ టోస్ట్‌లో వూస్టర్ సాస్ వేస్తారు, అందులో ఆంకోవీ చేపలుంటాయి. పార్మెజాన్ చీజ్‌కు పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. ఇంగ్లిష్ చెడ్డార్‌లో మాత్రం వెజిటేరియన్ రెనెట్‌తో చేసినవి బాగా దొరుకుతాయి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం మరీ కష్టం. ఆ రోజు చాలా పబ్బుల్లో రోస్ట్, అంటే కాల్చిన మాంసం భోజనమే. అందులో యార్క్‌షైర్ పుడ్డింగ్ అనే పిండి వంటకం గుడ్డు లేకుండా పొంగదు, బంగాళాదుంపలు గొడ్డు కొవ్వులోనో బాతు కొవ్వులోనో వేగుతాయి, గ్రేవీ మాంసం రసంతో చేస్తారు. శాకాహారులకని జీడిపప్పు వంటి గింజలతో చేసి పెట్టే నట్ రోస్ట్ ముద్దకట్టడానికి తరచుగా గుడ్డే వాడతారు. ఆదివారం నాటికి ఊరు మారకుండా ఉండేట్టు ప్లాన్ చేసుకుని, శనివారం సాయంత్రమే వంటగదికి చెప్పి పెట్టండి. ఒకరోజు ముందు చెబితే చేసిపెట్టేవాళ్ళు, అప్పటికప్పుడు అడిగితే చెయ్యలేరు.

ఆవిడ నిశ్చింతగా తినదగ్గవి: మధ్యాహ్నానికి ప్లవ్‌మన్స్ లంచ్, అంటే రొట్టె, చెడ్డార్, పుల్లటి పచ్చడి, ఆపిల్ ముక్కలు, పంది మాంసం ముక్క వద్దని చెప్పాలి. జాకెట్ పొటాటో, అంటే తొక్కతో కాల్చిన బంగాళాదుంప, దాని మీద బేక్డ్ బీన్స్. ఉదయం పాలతో కాచిన ఓట్స్ జావ, టోస్టు, బీన్స్, పుట్టగొడుగులు, గ్రిల్ చేసిన టమాటా. టమాటా, పుట్టగొడుగులు బేకన్ వేయించిన పెనం మీదే వేగకూడదని ముందే చెప్పండి. శాకాహార సాసేజ్ అన్నా నమ్మొద్దు, కొన్ని రకాల్లో గుడ్డు తెల్లసొన కలుపుతారు. బ్లాక్ పుడ్డింగ్ అనే నల్లటి బిళ్ళ తీపి వంటకం కాదు, పంది రక్తంతో చేసేది.

రాత్రికి దారి వేరే ఉంది. తీరంలో ఓ మోస్తరు పట్టణమైతే ఒక ఇండియన్ రెస్టారెంట్ ఉండనే ఉంటుంది. నడిపేది చాలావరకు బంగ్లాదేశ్ సిల్హెట్ నుంచి వచ్చిన కుటుంబాలు. పప్పు, అన్నం దొరుకుతాయి, సాయంత్రం ఐదారింటికి తెరుస్తారు. ఆవిడకు అక్కడినుంచి తెప్పించి, మిగతావాళ్ళు పబ్‌లో తినడం తప్పేమీ కాదు. అయితే ఆ పార్సిల్‌ను పబ్ టేబుల్ మీద విప్పొద్దు.

ఇంకొక్క మాట. పబ్ వంటగది రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో ఆఖరి ఆర్డరు తీసుకుంటుంది. బార్ పదకొండు దాకా నడుస్తున్నా పొయ్యి ఆరిపోయాక చిప్స్ ప్యాకెట్ తప్ప ఏమీ ఉండదు. చలికాలంలో సోమ, మంగళవారాలు వంటగది పూర్తిగా మూసే ఇన్‌లూ ఉన్నాయి. రాత్రి తొమ్మిదిన్నర భోజనం అలవాటున్న మనవాళ్ళు ఎక్కువగా పస్తుండేది ఈ కారణంగానే, శాకాహారం వల్ల కాదు.

హైదరాబాద్ నుంచి ఆవకాయ, నెయ్యి, పొడులు తీసుకెళ్ళి గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం వండుకోవచ్చా? — ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

వండొద్దు. గదిలో పొగ పసిగట్టే అలారం ఉంటుంది, అన్నం ఆవిరికి కూడా మోగే రకాలున్నాయి. మోగితే పబ్‌లో ఉన్న అందరినీ బయటికి పంపుతారు. ఆ భయం ఉత్తినే కాదు: ఈ ఇళ్ళు చెక్క దూలాలవి, కొన్నిటికి గడ్డి కప్పు. 2011లో కార్న్‌వాల్‌లోని పాండోరా ఇన్ నిప్పంటుకుని పై అంతస్తు కాలిపోయింది, మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. అగరువత్తి, దీపం కూడా వెలిగించకండి.

పచ్చళ్ళు, పొడులు సరే. నెయ్యి, పాలకోవా, పనీర్ వంటి పాల పదార్థాలు, మాంసం భారతదేశం నుంచి బ్రిటన్‌కు తీసుకెళ్ళకూడదు, పట్టుకుంటే పారేస్తారు. నెయ్యి అక్కడి సూపర్‌మార్కెట్లలోనే కొనుక్కోండి. గదిలో కెటిల్ ఉంటుంది, అందులో నీళ్ళు తప్ప ఇంకేమీ కాచొద్దు. పాలు పోస్తే అడుగంటి హీటర్ పాడవుతుంది, తర్వాత వచ్చేవాళ్ళ టీ కూడా మాడువాసన వేస్తుంది. వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా కప్పులు ఉత్తమం.

లండన్ నుంచి కారు లేకుండా వెళ్ళి రెండు రాత్రులుండి రాదగ్గ చోటు చెప్పండి. — ఒక విద్యార్థిని, లండన్

మా ఓటు ససెక్స్‌లోని రై అనే ఊరికి. సెయింట్ పాంక్రస్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో ఆష్‌ఫర్డ్, అక్కడ మారి ఇంకో రైల్లో రై. కలుపుకుంటే గంటా పది నిమిషాలు అటూ ఇటూ. స్టేషన్ నుంచి పాత ఊళ్ళోకి నడిచి వెళ్ళొచ్చు, కాకపోతే మెర్మెయిడ్ స్ట్రీట్ గుండ్రాళ్ళ వీధి. చక్రాల సూట్‌కేసు అక్కడ నడవదు, వీపు సంచీ మేలు. ఆ వీధిలోని మెర్మెయిడ్ ఇన్ నేలమాళిగలు 1156 నాటివి, పై ఇల్లు 1420లో తిరిగి కట్టింది. 1740ల్లో హాక్‌హర్స్ట్ ముఠా అనే దొంగసరుకు వ్యాపారులు పిస్తోళ్ళు టేబుల్ మీద పెట్టుకుని బాహాటంగా తాగినది ఇక్కడే. టీ, బ్రాందీల మీద పన్ను అంత ఎక్కువగా ఉన్న కాలం అది.

ఒకటి గుర్తుంచుకోండి. రై ఒకప్పుడు రేవు, ఇప్పుడు సముద్రం రెండు మైళ్ళు వెనక్కి పోయింది. కిటికీ తెరిస్తే అలలు కనపడవు. ఇసుక బీచ్ కావాలంటే బస్సులో కాంబర్ శాండ్స్‌కు వెళ్ళాలి.

కిటికీలోంచే సముద్రం కావాలంటే, రైలు ఖర్చుకు వెనకాడకపోతే నార్తంబర్లాండ్‌లోని సీహౌసెస్. రేవు పక్కన ఓల్డ్ షిప్ ఇన్ ఉంది, 1812 నుంచి లైసెన్సు ఉన్నది. న్యూకాసిల్ నుంచి ఎక్స్18 బస్సు వెళ్తుంది. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒక్క ప్రయాణానికి టికెట్ మూడు పౌండ్లు మించకుండా 2025 జనవరి నుంచి పరిమితి పెట్టారు, కాబట్టి అంత దూరమూ చవకే. రేవు నుంచి ఫార్న్ దీవులకు పడవలుంటాయి. పఫిన్ పక్షులు చూడాలంటే జూలై మూడో వారం లోపు వెళ్ళండి, ఆ తర్వాత అవి సముద్రం మీదికి పోతాయి. గాలి ఎక్కువైతే పడవలు రద్దవుతాయి. అందుకే మొదటి రోజుకే టికెట్ తీసుకుని, రెండో రోజును చేతిలో ఉంచుకోవాలి.

పల్లెల్లో బస్సు మనల్ని చూసి ఆగదు. స్టాపులో నిలబడి చెయ్యెత్తాలి. ఆదివారం బస్సులు సగం ఉండవు. ఆఖరి బస్సు సాయంత్రం ఆరింటికే అయిపోయే రూట్లు చాలా.

హోలీ ఐలాండ్‌లో ఇన్ బుక్ చేశాం. దారి సముద్రంలో మునుగుతుందట, నిజమేనా? ఎలా చూసుకోవాలి? — ఒక పాఠకుడు, న్యూకాసిల్

నిజమే, రోజుకు రెండుసార్లు మునుగుతుంది. ఒక్కోసారి ఐదు గంటల దాకా దీవికి, ఒడ్డుకు మధ్య కార్లకు దారి ఉండదు. నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ప్రతి తేదీకీ 'సేఫ్ క్రాసింగ్ టైమ్స్' ప్రకటిస్తుంది, చూడాల్సింది ఆ పట్టికనే. మీ బస తేదీలకు ముందు పట్టిక చూసి, ఆ తర్వాతే రైలు టికెట్టు కొనాలి. బెరిక్ స్టేషన్ నుంచి వెళ్ళే బస్సు వేళలు కూడా ఆటుపోట్లను బట్టి రోజురోజుకూ మారతాయి. మధ్యాహ్నం మూడుకు గది ఇస్తారు గానీ దారి పన్నెండింటికే మూసుకుపోయే రోజుంటుంది. అప్పుడు పొద్దున్నే దాటి, సామాను ఇన్‌లో పడేసి తిరగడమే పద్ధతి. దారి మునిగి పగటి సందర్శకులంతా వెళ్ళిపోయాక దీవిలో మిగిలేది ఊరివాళ్ళు, ఇన్‌లలో బసచేసినవాళ్ళు. అక్కడ రాత్రి ఉండడంలో అసలు సుఖం అదే.

మనవాళ్ళు పొరపడే చోటు ఇది. బంగాళాఖాతం ఒడ్డున పెరిగిన కళ్ళకు ఆటుపోటు అంటే నాలుగు మెట్లు తడవడం. విశాఖలో అమావాస్య పోటుకు కూడా తేడా రెండు మీటర్లకు లోపే. ఇంగ్లండ్ పడమటి తీరాన బ్రిస్టల్ ఛానెల్లో అది పద్నాలుగు మీటర్ల దాకా పోతుంది. పైగా చదును తీరాల్లో నీళ్ళు ఎదురుగా రావు, వెనకనున్న పల్లాల్లోంచి చుట్టుముడతాయి. హోలీ ఐలాండ్ దారి మధ్యలో వంతెన పక్కన కాళ్ళ మీద నిలబెట్టిన చెక్కగది ఉంటుంది, కారు మునిగినవాళ్ళు ఎక్కి కూర్చోవడానికి. ఎదుటి కారు వెళ్ళింది కదా అని వెనకే వెళ్ళొద్దు.

ఇదే లెక్క వేరే ఊళ్ళలోనూ వర్తిస్తుంది. డెవన్‌లో బర్గ్ ఐలాండ్ మీది పిల్చర్డ్ ఇన్‌కు ఆటుకు ఇసుక మీద నడిచి వెళ్ళొచ్చు, పోటుకు ఎత్తైన చక్రాల సీ ట్రాక్టర్ ఎక్కాలి. నార్ఫోక్‌లో బ్లేక్నీ రేవు కార్ పార్కు, ససెక్స్‌లో బోషమ్ ఒడ్డు రోడ్డు పెద్ద పోటుకు మునుగుతాయి. పబ్‌లో కూర్చుని భోంచేసి వచ్చేసరికి కారు చక్రాల దాకా ఉప్పునీళ్ళుంటాయి. ఉప్పునీళ్ళు తగిలిన బ్రేకులు, వైరింగు బాగుచేయించడం అద్దె కారు బిల్లులో చూస్తే కళ్ళు తిరుగుతాయి.

పంచాంగం చూసే అలవాటున్నవాళ్ళకు ఒక సులువు: అమావాస్యకు, పౌర్ణమికి ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే పోట్లు అన్నిటికన్నా పెద్దవి. అష్టమి దాటిన రోజుల్లో చిన్నవి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. అచ్చు వేసిన టైడ్ టేబుళ్ళు కొన్ని ఏడాది పొడుగునా జీఎంటీ, అంటే గ్రీన్విచ్ కాలమానంలోనే ఉంటాయి. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా గడియారం గంట ముందుంటుంది కాబట్టి ఆ అంకెకు గంట కలపాలి. పట్టిక అడుగున చూస్తే కలిపారో లేదో రాసి ఉంటుంది. చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి పోలీసులను కాదు, కోస్ట్‌గార్డ్‌ను అడగాలి.

సముద్రంలో స్నానం? — ఒక పాఠకుడు, కాకినాడ

ఆగస్టులో కూడా నీళ్ళు కార్న్‌వాల్‌లో పదహారు, పదిహేడు డిగ్రీలు, నార్తంబర్లాండ్‌లో ఇంకా తక్కువ. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చి నీళ్ళు మింగేస్తారు, ఈతగాళ్ళూ మునిగేది అందుకే. మెల్లగా నడుము దాకా దిగి, ఊపిరి కుదుటపడ్డాక ముందుకెళ్ళండి. ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి. పూర్తి ఎర్ర జెండా ఉంటే దిగకూడదు.

బాత్‌రూమ్‌లో బకెట్, మగ్గు ఉంటాయా? ఒక ఇన్‌లో నీళ్ళు కింద పడ్డాయని డబ్బు కట్టించుకున్నారని మా బంధువులు చెప్పారు. — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

ఉండవు. అసలు సంగతి అది కాదు: అక్కడి బాత్‌రూమ్ నేలకు నీళ్ళు పోయే తూము ఉండదు. నీళ్ళు పోవాల్సింది టబ్‌లోంచో, షవర్ పళ్ళెంలోంచో మాత్రమే. నేల చెక్కపలకలది, కింద బార్ పైకప్పు. బకెట్‌తో బయట నిలబడి పోసుకుంటే పావుగంటలో కింద కూర్చున్నవాళ్ళ గ్లాసుల్లో చుక్కలు పడతాయి. పాతకాలపు సున్నం పూత తడిస్తే ఊడి పడుతుంది. నష్టం కట్టమంటారు, అందులో అన్యాయమేమీ లేదు. షవర్ తెర అంచు టబ్ లోపలికి ఉండేలా వేసుకోండి. టాయిలెట్ దగ్గర జెట్ ఉండదు కనుక ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు తీసుకెళ్ళండి. వాడేటప్పుడు నేల మీద కాదు, కుండీలోకే నీళ్ళు పోసుకోవాలి.

వేడినీళ్ళు రాకపోతే ఫిర్యాదుకు ముందు పైకప్పు నుంచి వేలాడే తాడు లాగండి. షవర్ స్విచ్ అదే. చాలా ఇన్‌లలో నీళ్ళు ట్యాంకులో కాగుతాయి. ఉదయం ఎనిమిదికి అన్ని గదులవాళ్ళూ ఒకేసారి తిప్పితే ఆఖరివాళ్ళకు చన్నీళ్ళే. ఏడు లోపు కానిచ్చేయండి. బాత్‌రూమ్‌లో మామూలు ప్లగ్ ఉండదు, షేవర్ ప్లగ్ మాత్రమే. హెయిర్ డ్రయ్యర్ గదిలోనే.

నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. లిఫ్ట్ ఉన్న ఇన్ ఎలా వెతకాలి? — ఒక పాఠకుడు, బేసింగ్‌స్టోక్

లిఫ్ట్ కోసం వెతికితే దొరకడం కష్టం. ఈ ఇళ్ళు చాలావరకు చట్టం రక్షించే 'లిస్టెడ్' కట్టడాలు. గోడ పగలగొట్టాలన్నా, కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. అందుకే లిఫ్టుల్లేవు, ఏసీల్లేవు, ఒంటి అద్దం కిటికీలు మిగిలే ఉన్నాయి. మెట్లు నిటారుగా, మలుపు తిరిగి ఉంటాయి. నేల ఒకవైపు వాలి ఉండొచ్చు, తలుపు దూలానికి ఆరడుగులవాళ్ళ నుదురు తగులుతుంది.

అడగాల్సింది వేరే. చాలా ఇన్‌లకు పెరట్లో పాత గుర్రాలశాల ఉంటుంది. దాన్ని గదులుగా మార్చి ఉంటారు, నేలమట్టంలోనే ఉంటాయి. 'అవుట్‌బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ గది, షవర్‌కు గట్టు లేనిది' అని ఫోన్‌లో అడగండి. పాతదనం కాస్త తక్కువ, నిద్ర ఎక్కువ: బార్ గోల అక్కడికి వినపడదు. పెద్ద ఇంట్లోనే కావాలంటే బార్ మీది గది, వంటగది పొగ బయటికి లాగే ఫ్యాను పక్క గది కాకుండా చూసుకోండి. డెవన్‌లో క్లోవెల్లీ వంటి ఊరికి మాత్రం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను తీసుకెళ్ళొద్దు. నిటారు రాళ్ళ వీధి, కార్లు రావు, సామాను కూడా బల్లమీద పెట్టి ఈడుస్తారు.

మంచం కొలతా చూసుకోండి. డబుల్ అంటే 135 సెంటీమీటర్ల వెడల్పే, ఇద్దరికి ఇరుకు. కింగ్ 150, సూపర్ కింగ్ 180. సూపర్ కింగ్ కొన్నిచోట్ల జిప్పు విప్పితే రెండు సింగిల్ మంచాలవుతుంది. అమ్మానాన్నలకు విడివిడి పడకలు కావాలంటే అది అడగొచ్చు.

అద్దె ఎంత? ఎప్పుడు వెళ్తే మంచిది? — ఒక పాఠకుడు, తిరుపతి

ఇద్దరికి అల్పాహారంతో కలిపి రాత్రికి 110 నుంచి 180 పౌండ్లు అనుకోండి. చూపే ధరలోనే 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. శుక్ర, శనివారాల్లో ఒక్క రాత్రికి గది ఇవ్వనివాళ్ళు ఎక్కువ. జూలై మూడో వారం నుంచి ఆగస్టు ఆఖరు దాకా వాళ్ళ బడి సెలవులు, ధరలూ రద్దీ రెండూ నెత్తికెక్కుతాయి. మే ఆఖరి వారం కూడా అంతే. జూన్ మొదటి మూడు వారాల్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. సెప్టెంబరులో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఆదివారం నుంచి గురువారం మధ్య రాత్రులు ఎప్పుడూ చవక. జనవరిలో మరమ్మతులకని మూసేవి ఉంటాయి, డిసెంబరులో నాలుగింటికే చీకటి.

ఇన్ నుంచి ఇన్‌కు నడిచి వెళ్ళాలని స్నేహితులం అనుకుంటున్నాం. — ఒక విద్యార్థి, ఎక్సెటర్

మీ పక్కనే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ ఉంది, మైన్‌హెడ్ నుంచి పూల్ హార్బర్ దాకా 630 మైళ్ళు. దారంతా సింధూర (ఓక్) చెట్టు కాయ గుర్తే. రోజుకు పది మైళ్ళు మించి పెట్టుకోవద్దు. ప్రతి ఏటి మూతి దగ్గరా సముద్రమట్టానికి దిగి మళ్ళీ కొండెక్కాలి. మ్యాప్ మీద గంటకు మూడు మైళ్ళని లెక్కేస్తే చీకటిపడుతుంది, వంటగది మూస్తారు. గంటకు రెండు మైళ్ళే లెక్క. సామాను వ్యానులో ముందు ఇన్‌కు చేర్చే సంస్థలున్నాయి, సంచికి ఇంత అని తీసుకుంటాయి. సంచి తయారుగా బార్ దగ్గర ఉండాల్సిన టైమ్ అల్పాహారం కన్నా ముందే ఉండొచ్చు, అడిగి పెట్టుకోండి.

దారి మధ్యలో కొన్ని ఏరులు దాటడానికి చిన్న పడవలుంటాయి, చలికాలంలో చాలావరకు నడపరు. దక్షిణ డెవన్‌లో ఎర్మ్ ఏటికి పడవే లేదు. ఆటు గడియకు గంట అటూ ఇటూ మాత్రమే మోకాలిలోతు నీళ్ళలో దాటాలి, వానలు పడితే అదీ కుదరదు. అది ఏ టైముకో చూసుకుని ముందురాత్రి బస ఎక్కడో తేల్చుకోండి. వారాంతపు రెండు రాత్రుల నియమం మీలాంటివాళ్ళకు అడ్డం. ఆదివారం బయల్దేరి శుక్రవారం ఇంటికి చేరేట్టు వేసుకుంటే ఏ ఇన్ వాళ్ళూ కాదనరు.

టిప్ ఎంతివ్వాలి? — ఒక పాఠకురాలు, నెల్లూరు

బార్‌లో ఇవ్వక్కర్లేదు. టేబుల్ దగ్గర వడ్డిస్తే పది శాతం, బిల్లులో సర్వీస్ చార్జ్ వేసి ఉంటే అదీ వద్దు.

గది తీసుకునేటప్పుడు పాస్‌పోర్ట్ తీసి పెట్టుకుంటారా? బంగారం దాచుకోవడానికి లాకర్ ఉంటుందా? — ఒక పాఠకురాలు, కరీంనగర్

పాస్‌పోర్ట్ తీసి పెట్టుకునే హక్కు వాళ్ళకు లేదు. 1972 నాటి ఉత్తర్వు ప్రకారం పదహారేళ్ళు నిండిన ప్రతివారి పేరు, జాతీయత రాసుకోవాలి. పాస్‌పోర్ట్ నంబర్, తర్వాత వెళ్ళే చోటు రాయించాల్సింది విదేశీయుల చేత. కామన్‌వెల్త్ పౌరులం కాబట్టి మనకది వర్తించదు. అయినా కొందరు అందరినీ ఒకేలా అడుగుతారు. నంబర్ చెప్పినంతలో పోయేదేమీ లేదు.

బంగారం మాటకొస్తే, గదుల్లో లాకర్ ఉండదు, తాళం కూడా పాతకాలపుదే. 1956 నాటి చట్టం కింద, ఇన్‌లో నిర్ణీత నోటీసు కనపడేలా పెట్టి ఉంటే, పోయిన వస్తువుకు యజమాని బాధ్యత ఒక్కోదానికి 50 పౌండ్లు, మొత్తం మీద 100 పౌండ్లు మాత్రమే. ఆ అంకెల్ని అప్పటినుంచీ పెంచలేదు. కారుకూ, కారులో వదిలిన వస్తువులకూ ఈ చట్టం కింద అసలు బాధ్యతే లేదు. అయితే దాచిపెట్టమని మనం స్వయంగా వాళ్ళకు అప్పగించిన వస్తువుకు ఆ పరిమితి వర్తించదు. కాబట్టి నగ తెచ్చే ఉంటే యజమాని చేతికిచ్చి రసీదు రాయించుకోండి. తేకపోవడం ఇంకా మంచిది. ఆ నోటీసు సాధారణంగా బార్ తలుపు పక్కనో, రిజిస్టర్ పెట్టే బల్ల దగ్గరో ఉంటుంది.